ఘాజీ ఎలా మునిగింది: ఏ వాదన నిలుస్తుంది, ఏది నిలవదు

నేవీ డే దగ్గర పడుతోందంటే విశాఖపట్నంలో ఘాజీ గొడవ మళ్ళీ మొదలవుతుంది. 1971 యుద్ధంలో ఇక్కడి సముద్రంలో మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి అది. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ డెప్త్ చార్జ్‌లు, అంటే నీటి లోతులో పేలే బాంబులు, వేసి ముంచేసిందని ఒక వర్గం. తను పెట్టిన మైన్ (నీటిలో పెట్టే మందుపాతర) మీద తనే పడి పేలిపోయింది, మనవాళ్ళు ఊరికే పేరు కొట్టేశారని ఇంకో వర్గం. సినిమా చూసి వచ్చి, మన సబ్‌మెరైనే నీళ్ళ కింద వెంటాడి కొట్టిందని వాదించేవాళ్ళు మధ్యలో కొందరు. యాభై ఏళ్ళు దాటినా వాదన తెగలేదు.

సాక్ష్యాలు తక్కువగా ఉండటం ఒక్కటే దీనికి కారణం కాదు. ‘ఎవరు ముంచారు’ అనే ప్రశ్నలో వేరువేరు సంగతులు రెండు ఇరుక్కుపోయాయి. ఘాజీని విశాఖ గుమ్మం దాకా రప్పించింది ఏమిటన్నది ఒకటి. అక్కడికొచ్చాక మొదట పేలింది ఏమిటన్నది రెండోది. మొదటిదానికి జవాబు గట్టిగానే ఉంది, రెండోదానికి లేదు. ఒకదాని బలాన్ని రెండోదానికి అరువిచ్చి మాట్లాడటం వల్లే వాదన ఏటా మొదటికొస్తోంది.

ఎవరూ కాదనని విషయాలు కొన్ని ఉన్నాయి. పీఎన్ఎస్ ఘాజీ అసలు పేరు యూఎస్ఎస్ డయాబ్లో. అమెరికా నౌకాదళంలో 1945 మార్చిలో చేరిన టెంచ్ తరగతి జలాంతర్గామి అది. పొడవు 95 మీటర్లు. 1964లో పాకిస్థాన్ చేతికి వచ్చింది. 1971 నవంబరు 14న కరాచీ నుంచి బయల్దేరింది. దాన్ని నడిపింది కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటిన వేళ విశాఖ హార్బర్ ముఖద్వారానికి దగ్గర్లో తొంభై మందికి పైగా సిబ్బందితో మునిగిపోయింది. ఒక్కరూ బతకలేదు. ఆ రాత్రి పెద్ద పేలుడు వినబడింది, నగరంలో కిటికీలు అదిరాయి. తెల్లారాక మత్స్యకారులు సముద్రం మీద తేలుతున్న నూనె తెట్టును, సామాన్లను చూసి కబురందించారు. తర్వాత డైవర్లు దిగి అది ఘాజీయేనని తేల్చారు.

అప్పట్లో పాకిస్థాన్‌కు ఉన్న సబ్‌మెరైన్ ఇదొక్కటే అన్న మాట తరచూ కనిపిస్తుంది. అది తప్పు. ఫ్రాన్స్ నుంచి కొన్న డాఫ్నే తరగతివి మూడు ఉండేవి. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీని డిసెంబరు 9న ముంచిన హంగోర్ వాటిలో ఒకటే. అయినా బంగాళాఖాతానికి పాత ఘాజీని పంపడానికి కారణం దూరం. కరాచీ నుంచి శ్రీలంక చుట్టి విశాఖకు వచ్చి, ఇక్కడ రోజుల తరబడి కాపుకాసి, మళ్ళీ అంత దూరమూ వెనక్కి వెళ్ళాలి. ఘాజీ నీటి మీద 10 నాట్ల వేగంతో (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) 11,000 నాటికల్ మైళ్ళు పోగలదు. డాఫ్నేలకు ఆ శక్తి లేదు.

ఘాజీ లక్ష్యం మన విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్. బాయిలర్లో పగులు ఉండటంతో విక్రాంత్ పూర్తి వేగంతో పరిగెత్తే స్థితిలో లేదు. సబ్‌మెరైన్ కంటబడితే తప్పించుకోవడం కష్టం. పాకిస్థాన్ వైపు నుంచి తూర్పు పాకిస్థాన్‌లోని చిట్టగాంగ్‌కు వెళ్ళిన ఒక సందేశం మనవాళ్ళ చేతికి చిక్కింది. సబ్‌మెరైన్లూ మైన్‌స్వీపర్లూ (మైన్లు ఏరివేసే ఓడలు) మాత్రమే వాడే ఒక రకం లూబ్రికేషన్ ఆయిల్ గురించి అందులో వాకబు చేశారు. బంగాళాఖాతంలోకి సబ్‌మెరైన్ రాబోతోందని దాంతో అర్థమైంది. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ దీవుల్లోని ఒక చోటికి జరిపి, దానికి ‘ఎక్స్-రే’ అని మారుపేరు పెట్టారు. విశాఖ దగ్గర రాజ్‌పుత్ విక్రాంత్ వేషం కట్టింది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు ఈ డిస్ట్రాయర్ రేవుకు 160 మైళ్ళ దూరం పోయి, పెద్ద ఓడ పంపేటన్ని వైర్‌లెస్ సందేశాలు పంపింది. తల్లి జబ్బు ఎలా ఉందో అడుగుతూ ఒక నావికుడు పంపినట్టుగా మామూలు భాషలో ఒక సందేశం కూడా వెళ్ళింది. అంత పెద్ద ఓడకు సరిపడా మాంసం, కూరగాయలు కాంట్రాక్టర్ల దగ్గర ఆర్డర్ పెట్టారు. రేవులో ఎవరైనా ఆరా తీస్తే విక్రాంత్ వస్తోందనే అనుకోవాలన్నది ఎత్తు. ఘాజీ వచ్చింది, విక్రాంత్ దొరకలేదు. యుద్ధం ఆసాంతం విక్రాంత్ విమానాలు తూర్పున దాడులు చేశాయి. అక్కడ నీటిలో మొదట పేలిందేదైనా కావచ్చు, ఈ ఘనత మాత్రం చెక్కుచెదరదు. రాజ్‌పుత్ కథను ఎవరైనా ప్రశ్నిస్తే వెంటనే దేశద్రోహమని విరుచుకుపడేవాళ్ళు ఇది గమనించరు.

ఇక రెండో ప్రశ్న. రాజ్‌పుత్ కథనాన్ని తీసుకుని లెక్క కడదాం. డిసెంబరు 3 రాత్రి ఇంధనం నింపుకుని, నావిగేషన్ దీపాలన్నీ ఆర్పించి, లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ ఓడను చానల్ దాటించారు. రేవు దాటే దాకా దారి చూపే పైలట్‌ను దింపేశాక అర మైలు ముందు నీళ్ళు తీవ్రంగా కలకబారడం కనిపించింది. సబ్‌మెరైన్ మునుగుతోందన్న అనుమానంతో అటు దూసుకెళ్ళి రెండు డెప్త్ చార్జ్‌లు వదిలారు. కొన్ని నిమిషాలకు పెద్ద పేలుడు వినబడింది. మన వైపు కథ ఇది.

అర నాటికల్ మైలు అంటే 926 మీటర్లు. ఓడ 18 నాట్ల వేగంతో వెళ్ళిందనుకుంటే అక్కడికి చేరడానికి వంద సెకన్లు పడుతుంది. ఆలోపు నీటి కింద 6 నాట్లతో కదిలే సబ్‌మెరైన్ సుమారు మూడు వందల మీటర్లు జరిగిపోతుంది, ఏ దిక్కుకో తెలియదు. రెండో ప్రపంచ యుద్ధ కాలపు మామూలు డెప్త్ చార్జ్ సబ్‌మెరైన్ గట్టి పెంకును చీల్చాలంటే ఆరు నుంచి ఎనిమిది మీటర్ల దగ్గరలో పేలాలి. అంతకు రెట్టింపు దూరంలో పేలితే దెబ్బ తగిలి పైకి తేలవలసిన స్థితి రావచ్చు. ఇంకా దూరమైతే దీపాలు పగలడం, లీకులు, భయం, అంతే. అందుకే ఆ యుద్ధంలో ఓడలు ఒకటీ రెండూ వేసి ఊరుకునేవి కావు. నీటి కింద శబ్దంతో జాడ తీసే సోనార్‌తో పట్టుకుని, పది దాకా ఒకేసారి ఒక ఆకారంలో పరిచేవి. అలా చేసినా బ్రిటిష్ నౌకాదళానికి సగటున అరవై డెప్త్ చార్జ్ దాడులకు ఒక సబ్‌మెరైన్ దక్కింది. కంటితో చూసిన అలజడి మీద వేసిన రెండు చార్జ్‌లు సరిగ్గా తగలడం అసాధ్యమేమీ కాదు గానీ, అది గొప్ప అదృష్టం.

లోతు తక్కువ కావడం ఈ లెక్కను కొంచెం మారుస్తుంది. హార్బర్ ముందు నీళ్ళు పదుల మీటర్ల లోతే. పెరిస్కోప్‌తో చూడటానికి పైకి వచ్చిన ఘాజీకి కింద దిగడానికి పెద్దగా జాగా లేదు. పైకీ కిందకీ తప్పించుకునే వీలు లేకపోతే, చార్జ్ ఏ లోతులో పేలాలన్న ఊహ తప్పే అవకాశం తగ్గుతుంది. పక్కకు తప్పించుకునే వీలు మాత్రం అలాగే ఉంటుంది.

రాజ్‌పుత్ పక్షం బలంగా చూపించేది గడియారం. ఘాజీ నుంచి వెలికితీసిన గడియారం, నగరంలో కిటికీలు అదిరిన 12.15 ప్రాంతపు సమయం దగ్గరే ఆగిపోయిందని చెబుతారు. ముందు అడగాల్సింది ఆ గడియారం ఏ సమయం చూపించేదన్నది. భారత కాలమానం గ్రీనిచ్‌కు అయిదున్నర గంటలు ముందుంటుంది. పశ్చిమ పాకిస్థాన్‌ది అయిదు గంటలు, తూర్పు పాకిస్థాన్‌ది ఆరు గంటలు. కరాచీలో బయల్దేరిన ఓడ కరాచీ సమయమే ఉంచుకుంటే ముల్లు 11.45 దగ్గర ఆగాలి. ఢాకా సమయమైతే 12.45. గ్రీనిచ్ సమయం మీద నడిచే గడియారమైతే 6.45. ముల్లు నిజంగా 12.15 దగ్గరే ఆగి ఉంటే, ఘాజీ తన గడియారాన్ని శత్రుదేశపు సమయానికి ఎందుకు పెట్టుకుందో చెప్పాలి. ఒకవేళ చెప్పేటప్పుడు ఎవరో భారత సమయంలోకి మార్చి ఉంటే, అసలు ముల్లు ఎక్కడుందో కావాలి. ఈ రెంటిలో ఏదీ అడగకుండా ‘గడియారమే సాక్ష్యం’ అంటే సగం మాటే.

శబ్దం ప్రయాణించే వ్యవధి మాత్రం ఇక్కడ అడ్డు కాదు. మూడు కిలోమీటర్ల దూరానికి గాలిలో తొమ్మిది సెకన్లు, నీటిలో రెండు. అసలు తేడా డెప్త్ చార్జ్‌లు పేలిన క్షణానికీ పెద్ద పేలుడుకూ మధ్య ఎంతసేపు గడిచిందన్నది. అది రాజ్‌పుత్ లాగ్‌బుక్‌లో ఉండాలి. 1971 నాటి ఘాజీ పత్రాలు చాలాకాలం కిందటే నౌకాదళం నాశనం చేసిందని 2010లో పత్రికలు రాశాయి. అవి పోయాక మిగిలింది మాజీ అధికారుల జ్ఞాపకాలు. అందులో కొందరు ఒకలా, కొందరు ఇంకోలా చెప్పారు.

ఆ మధ్య వ్యవధి ఎందుకంత ముఖ్యమో 2000 ఆగస్టు 12న మునిగిన రష్యా సబ్‌మెరైన్ కుర్స్క్ చూపించింది. మొదట ముందు భాగంలో ఒక టార్పెడో, అంటే నీటి కింద దూసుకెళ్ళి పేలే ఆయుధం, పేలింది. సరిగ్గా 135 సెకన్ల తర్వాత, మంటకు మిగతా టార్పెడోలు అంటుకుని, ఎన్నో రెట్లు పెద్ద పేలుడు సంభవించింది. భూకంప లేఖినుల్లో రెండూ విడివిడిగా నమోదయ్యాయి. అంటే చిన్న దెబ్బకీ పెద్ద పేలుడుకీ మధ్య రెండు మూడు నిమిషాల ఖాళీ ఉంటే, మొదటిదే రెండోదానికి కారణం కావచ్చు. అదే అరగంట ఖాళీ అయితే ఆ గొలుసు పలచబడుతుంది. వాదించేవాళ్ళిద్దరూ ఈ ఒక్క అంకె గురించి మాట్లాడుకుంటే సగం గొడవ తీరుతుంది. ఎవరూ దాని జోలికి పోరు.

పాకిస్థాన్ వైపు ఎక్కువగా చెప్పేది మైన్ కథ. సబ్‌మెరైన్ మైన్లను టార్పెడో గొట్టాల్లోంచే వదులుతుంది. అవి అడుగున పడుకుని, కొంత గడువు తర్వాత చురుకవుతాయి. తర్వాత ఓడ ఉక్కు పైకి రాగానే పేలుతాయి. ఏ మైన్ ఎక్కడ వేశారో చార్ట్ మీద గుర్తుపెట్టుకుని, ఆ గీత మళ్ళీ దాటకుండా చూసుకోవడం నావిగేటర్ బాధ్యత. తప్పు సరిగ్గా ఇక్కడ దొర్లుతుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో మన తూర్పు తీరం వెంబడి నీళ్ళు దక్షిణం వైపు లాగుతాయి. అర నాట్ లాగుడు ఉన్నా ఆరు గంటల్లో సబ్‌మెరైన్ మూడు మైళ్ళు పక్కకు జరిగిపోతుంది. మామూలు రోజుల్లో డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్ చూసి ఎక్కడున్నామో సరిచేసుకోవచ్చు. ఆ రాత్రి నగరం బ్లాకౌట్‌లో ఉంది, దీపాలన్నీ ఆరిపోయాయి. వేగం, దిశ, సమయం మాత్రం చూసుకుని లెక్కల మీద నడిచే ఓడ తన మైన్ల మీదికే రావడం బాగా సాధ్యమైన తప్పు. హార్బర్ నోటి దగ్గరే అది మునగడం కూడా దీనికి సరిపోతుంది. మైన్లు పెట్టేది అక్కడే.

ఈ కథకూ చిక్కులున్నాయి. అడుగున ఉన్న మైన్ పేలితే దెబ్బ బయట నుంచి లోపలికి, కింద నుంచి పైకి తగలాలి. ముందు భాగంలోనే తగలాలన్న నియమం లేదు. పైగా ఎవరూ ఒక్క మైన్ పెట్టి ఊరుకోరు. మిగతావి ఏమయ్యాయి? మైన్‌స్వీపర్లకు దొరికి ఉండాలి, లేదంటే గొట్టాల్లోనే ఉండిపోయి ఉండాలి. గొట్టంలోంచి వదులుతుండగానే ఒకటి పేలిందన్నది ఇంకో రకం ఊహ. అది ముందు భాగం చితికిపోవడానికి సరిపోతుంది. సొంత ఆయుధం సొంత సబ్‌మెరైన్‌ను ముంచడం కొత్తేమీ కాదు. ఘాజీ లాంటిదే అయిన అమెరికా సబ్‌మెరైన్ టాంగ్ 1944 అక్టోబరులో తను వేసిన టార్పెడో గుండ్రంగా తిరిగి వచ్చి తగలడంతో మునిగింది.

మూడో వాదన బ్యాటరీల్లో పుట్టే హైడ్రోజన్. దీన్ని అర్థం చేసుకోవాలంటే బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంలోకి వెళ్ళి కాస్త వంగి చూడాలి. కురుసుర సోవియట్ తయారీ, ఘాజీ అమెరికా తయారీ. ఈ ఒక్క విషయంలో మాత్రం రెంటి అమరికా ఒకటే. ముక్కు దగ్గర ఆరు గొట్టాల టార్పెడో గది, దాని వెనక గుండ్రటి తలుపు దాటగానే అధికారుల గదులు, ఆ గదుల నేల కింద బ్యాటరీ. సందర్శకులు ముందు కాలు, తర్వాత తల పెట్టి దాటే ఆ గుండ్రటి తలుపు చుట్టూ ఉన్న ఇనుప గోడే టార్పెడోలకీ బ్యాటరీకీ మధ్య ఉన్న అడ్డు. ఘాజీలో 126 సెల్స్ చొప్పున రెండు బ్యాటరీలు. చార్జింగ్ చివరి దశకు వచ్చేకొద్దీ లెడ్ యాసిడ్ సెల్స్ హైడ్రోజన్ వదులుతాయి. గాలిలో అది 4 శాతం దాటితే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే చార్జింగ్ జరిగేటప్పుడు ఫ్యాన్లు ఆడుతూనే ఉండాలి. చార్జింగ్ కావాలంటే డీజిల్ ఇంజిన్ నడపాలి, దానికి నీటి మీదికి గానీ స్నార్కెల్ గొట్టం పైకెత్తే లోతుకు గానీ రావాలి. శత్రు ఓడ కనిపించి హఠాత్తుగా మునగవలసి వస్తే గాలి గొట్టాలు మూసేస్తారు, అప్పటికే ఊరిన గ్యాస్ లోపలే ఉండిపోతుంది. రాజ్‌పుత్ దగ్గరికి రావడంతోనే ఘాజీ కంగారుగా మునిగిందనుకుంటే ఈ కథ, ఆ కథ ఒకదానికొకటి అడ్డం కావు.

అయితే ఒక్క హైడ్రోజన్ అంత పని చేయగలదా అన్నది సందేహమే. 1949లో అమెరికా సబ్‌మెరైన్ కోచినోలో బ్యాటరీ పేలింది, మునగడానికి గంటల తరబడి పట్టింది. 2010 ఫిబ్రవరిలో విశాఖలోనే సింధురక్షక్ బ్యాటరీ గదిలో హైడ్రోజన్ అంటుకుంది. ఒక నావికుడు చనిపోయాడు, ఓడ మాత్రం బతికింది. అదే సింధురక్షక్‌లో 2013 ఆగస్టులో ముంబయిలో ఆయుధాలు పేలినప్పుడు 18 మంది చనిపోయారు, ఓడ రేవులోనే మునిగింది. నగరం కిటికీలు అదిరేంత శబ్దం రావాలంటే టార్పెడోలో మైన్లో పేలి తీరాలి. గ్యాస్ మొదలుపెట్టి ఉండవచ్చు, ముగించింది మాత్రం గ్యాస్ కాదు.

ఉన్న ఆధారాలతో మొగ్గు చూపాలంటే, పెద్ద పేలుడు ఘాజీ ముందు భాగంలోని సొంత ఆయుధాలదే అనుకోవడం సబబు. ముందు భాగం బాగా చితికిపోయిందన్న డైవర్ల కథనాలు దాన్నే బలపరుస్తాయి. దాన్ని రాజేసింది రాజ్‌పుత్ చార్జ్‌లా, మైనా, హైడ్రోజనా అన్నది మాత్రం ఆ కథనాలతో తేలదు. పెంకు రేకులు బయటికి విచ్చుకుని ఉన్నాయి కాబట్టి లోపలే మొదలైంది, రాజ్‌పుత్‌కు సంబంధం లేదు అనేవాళ్ళు కూడా తొందరపడుతున్నారు. బయట నుంచి తగిలిన చిన్న దెబ్బకు లోపలి టార్పెడోలు పేలితే రేకులు బయటికే విచ్చుకుంటాయి, మొదటి దెబ్బ గుర్తు అందులో కలిసిపోతుంది.

మన సబ్‌మెరైన్ ఘాజీని వెంటాడి ముంచిందన్న కథకు ఇటు అధికారిక కథనాల్లో గానీ అటు వాళ్ళ కథనాల్లో గానీ చోటు లేదు. డిసెంబరు 4ను నేవీ డేగా జరుపుకునేది ఘాజీ కోసమని విశాఖలో చాలామంది అనుకుంటారు. అదీ కాదు. ఆ రోజు రాత్రి నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే క్షిపణి పడవలు కరాచీ మీద చేసిన దాడికి గుర్తుగా దాన్ని జరుపుతారు. తారీఖులు పక్కపక్కన పడ్డాయి, పైగా బీచ్‌లో ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం కళ్ళెదుటే ఉంది, అందుకే రెండూ కలిసిపోయాయి.

2024 ఫిబ్రవరిలో నౌకాదళపు డీఎస్ఆర్‌వీ, అంటే సబ్‌మెరైన్ రక్షణ వాహనం, ఘాజీ శిథిలాన్ని మళ్ళీ గుర్తించింది. తీరానికి రెండు రెండున్నర కిలోమీటర్ల దూరంలో, సుమారు 100 మీటర్ల లోతున అని పత్రికల్లో వచ్చింది. ఈ రెండు అంకెలూ ఒకచోట పొసగవు. విశాఖ దగ్గర సముద్రపు అడుగు అంత నిటారుగా దిగదు. ఆ దూరంలో వంద మీటర్ల లోతు తగలదు, వంద అడుగులైతే నమ్మవచ్చు. రాసేటప్పుడు అడుగులు మీటర్లయ్యాయా, దూరం తప్పు పడిందా అన్నది నావికుల చార్ట్ చూస్తే అయిదు నిమిషాల్లో తేలే సంగతి. ఆ వార్తను పట్టుకుని రోజుల తరబడి వాదించినవాళ్ళు చార్ట్ తెరిచిన దాఖలా లేదు. లోతు ఎంతన్నది డెప్త్ చార్జ్ లెక్కకీ మైన్ లెక్కకీ మూలం.

చనిపోయినవాళ్ళ మీద గౌరవంతో శిథిలాన్ని ముట్టుకోలేదని కూడా ఆ వార్తల్లోనే వచ్చింది. అది సమాధి కాబట్టి ఆ నిర్ణయం సరైనదే. ముట్టుకోకుండా చూడగలిగినవి మాత్రం కొన్ని ఉన్నాయి. ముందు గొట్టాల మూతలు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా, లోపల మైన్లున్నాయా టార్పెడోలున్నాయా అన్నది ఒక కెమెరాతో తెలుస్తుంది. అన్నిటికన్నా పనికొచ్చేది టార్పెడో గదికీ బ్యాటరీకీ మధ్య ఉన్న ఆ ఇనుప గోడ. పేలుడు ముందు గదిలో మొదలైతే అది వెనక్కి వంగి ఉండాలి. బ్యాటరీ వైపు నుంచి మొదలైతే, తర్వాతి పేలుడు దాన్ని పూర్తిగా చెరిపేయకపోతే, అంచుల దగ్గరైనా ముందుకు ఉబ్బిన జాడ మిగలాలి. గోడ ఎటూ వంగకుండా నిలిచి, అడుగు పెంకు లోపలికి నొక్కుకుని ఉంటే ఈ రెండు కథలూ పక్కకు పోతాయి. అప్పుడు మిగిలేది మైన్, లేదా రాజ్‌పుత్.